జేబులోకి వెళ్లిన మూడో కార్డు

ఏ బడి వార్షికోత్సవానికి పిలిచినా నన్ను "నాలుగుసార్లు రాష్ట్ర ఛాంపియన్" అని పరిచయం చేస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. తర్వాత వరసగా నిలబడి ఫోటోలు దిగుతారు. నడక పోటీల్లోకి రావాలనుకునే పిల్లలు ఇద్దరో ముగ్గురో దగ్గరికి వచ్చి, గెలుపు రహస్యం ఏమిటని అడుగుతారు. పొద్దున్నే లేవండి, నీళ్లు బాగా తాగండి అని ఏదో చెప్పి పంపేస్తుంటాను. చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. చదివాక కూడా పిలవాలనిపిస్తే పిలవండి. శాలువా మాత్రం వద్దు. ఇంట్లో ఇప్పటికే ఒక పెట్టెడు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ చలికి ఆగదు, మా ఊళ్లో చలీ ఉండదు.

నేను పుట్టింది కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి పల్లెలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగు వింటే ఆంధ్రవాళ్లకు వాళ్ల ముత్తవ్వ మాట్లాడినట్టు ఉంటుందట. చదవడం, రాయడం మాత్రం నేను పెద్దయ్యాకే నేర్చుకున్నాను. విరుదునగర్‌లో నాకు ఉద్యోగమిచ్చిన నూనె మిల్లు యజమానికి మిరపకాయల వ్యాపారం కూడా ఉండేది. గుంటూరు వైపు వ్యాపారులకు ఉత్తరాలు రాయడానికి ఆయనకు ఒక తెలుగు మనిషి కావాలి. పోటీల్లేని రోజుల్లో నేను చేసిన నిజమైన పని అదొక్కటే. మిగతాదంతా ఛాంపియన్‌గా ఉండటం.

నడక పోటీ అంటే మీలో చాలామందికి నడుము తిప్పుకుంటూ పోయే తమాషాగానే తెలుసు. మా ఊళ్లోనూ అంతే. నేను చేలగట్టు మీద సాధన చేస్తుంటే ఆడవాళ్లు కలుపు తీయడం ఆపి మరీ నవ్వేవాళ్లు. దానికి రెండే నియమాలు. చూసేవాళ్ల కంటికి ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకిన క్షణం నుంచి ఒంటి కిందికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. దారి పక్కన జడ్జీలు నిలబడి ఉత్త కళ్లతో చూస్తుంటారు. అనుమానం వస్తే పసుపు పలక చూపించి హెచ్చరిస్తారు. ఖాయంగా తప్పు కనబడితే ఎర్ర కార్డు రాసి చీఫ్ జడ్జికి పంపుతారు. ముగ్గురు వేరువేరు జడ్జీల నుంచి మూడు కార్డులు వస్తే పోటీ నుంచి బయటికి. ఆ మూడో కార్డు అందాక ఎర్ర పలక చూపించి నడిచేవాణ్ణి ఆపాల్సింది చీఫ్ జడ్జి. ఇంతకంటే మీకు తెలియాల్సిన పని లేదు.

నాకు ఈ విద్య నేర్పింది మా బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. మొదట్లో మంచి గురువే. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు దాకా రోడ్డు వారన నన్ను నడిపిస్తూ, తాను సైకిల్ మీద పక్కనే వస్తూ, మోకాలు వంగితే చింత బరికెతో పిక్క మీద ఒకటి అంటించేవాడు. నేను మొదటిసారి రాష్ట్ర పోటీ గెలిచాక ఆయన బరికె పారేశాడు. దాని బదులు కాగితం పట్టుకున్నాడు. ఏ పోటీకి వెళ్లినా ముందురోజు దారంతా తిరిగి, ఏ జడ్జి ఎక్కడ నిలబడతాడో కనుక్కుని, గుర్తులు పెట్టి నా చేతికిచ్చేవాడు. గుర్తున్న చోట నిదానంగా, శుభ్రంగా నడవాలి. గుర్తు లేని చోట కాలు లేపి వేగం అందుకోవాలి. నా రెండో గెలుపు, మూడో గెలుపు ఆ కాగితం చలవే. దాన్ని మేము వ్యూహం అనేవాళ్లం. దొంగతనానికి అంత గౌరవమైన పేరు పెట్టుకున్నవాళ్లను నేను ఆ తర్వాత రాజకీయాల్లో మాత్రమే చూశాను.

నాలుగోసారి పోటీ విరుదునగర్‌లోనే పెట్టారు. యాభై కిలోమీటర్ల నడక. ఊరి బయట కొత్తగా వేసిన రోడ్డు మీద రెండు కిలోమీటర్ల చుట్టు, అలాంటివి ఇరవై ఐదు. ఖర్చంతా మా మిల్లు యజమానిది. ముఖ్య అతిథీ ఆయనే. వేదిక వెనక ఒక పెద్ద బ్యానర్ కట్టి, దాని మీద గుడ్డ కప్పారు. పదో చుట్టులో గాలికి గుడ్డ ఎగిరి పక్కకు పోయింది. "నాలుగోసారి ఛాంపియన్‌కు మా హృదయపూర్వక అభినందనలు" అన్న అక్షరాలు, వాటి కింద నా బొమ్మ. ఇంకా ముప్పై కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని హడావుడిగా గుడ్డ మళ్లీ కప్పారు. అప్పటికే అందరూ చూసేశారు. నా వెనక నడుస్తున్నవాడు కూడా చూశాడు.

అతను అరుప్పుకోట్టై నుంచి వచ్చిన నేతపని వాళ్ల పిల్లాడు. వాళ్లింట్లో కూడా మా లాగే తెలుగు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో, సన్నగా, మగ్గం మీద పోగులా ఉండేవాడు. ఈ పోటీ గెలిస్తే ఒక ప్రభుత్వ శాఖలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగం ఇస్తామని ఎవరో పెద్దమనిషి మాటిచ్చాడట. గెలిచినవాడికి జాతీయ శిక్షణ శిబిరంలో చోటు కూడా ఉంది. నాకు ఉద్యోగం ఉంది, ఇల్లుంది, పేరుంది. ఆ చోటూ నాకే కావాలి. ఎందుకంటారా? బ్యానర్ నాది కాబట్టి, అంతే.

ఆ రోజు చీఫ్ జడ్జి కాక జడ్జీలు ఐదుగురు. ఇద్దరు పక్క జిల్లాల నుంచి వచ్చారు, ఇద్దరు మా గురువుకు స్నేహితులు. ఐదో మనిషి ఒక కొత్త టీచరమ్మ. కోవిల్‌పట్టిలో ఒక ఆడపిల్లల బడిలో వ్యాయామం నేర్పేది. జడ్జి పరీక్ష ప్యాసై అదే మొదటి పోటీ. కొత్త మనిషి, పైగా ఆడమనిషి కదా అని, నీడలేని, చూడ్డానికి ఎవరూ నిలబడని చివరి మలుపులో ఆమెను నిలబెట్టారు. ఆఖరి నిమిషంలో పొద్దున్నే చేసిన మార్పు అది. మా గురువు కాగితంలో ఆ మలుపు ఖాళీగా ఉంది.

కాబట్టి నేను కాలు లేపింది సరిగ్గా అక్కడే.

ఆమె మొదట పసుపు పలక చూపించింది. నేను పట్టించుకోలేదు. ఎండలో ఒక్కతే నిలబడ్డ టీచరమ్మ, నెత్తి మీద తెల్ల టోపీ, చేతిలో పలక. నాకు నవ్వొచ్చింది కూడా. ఇరవయ్యో చుట్టుకు బోర్డు మీద నా నంబరు పక్కన రెండు ఎర్ర గుర్తులు పడ్డాయి. అవి బయటి జిల్లాల వాళ్లవి. మా గురువు పక్కనుంచి వేళ్లు రెండు చూపించి, జాగ్రత్త అన్నట్టు తల ఊపాడు. కానీ అరుప్పుకోట్టై అతను వదిలిపెట్టడం లేదు. అతని ఊపిరి చప్పుడు నా మెడ మీద పడుతోంది. ఇరవై రెండో చుట్టులో ఆ మలుపు దగ్గర నేను లేచాను. ఆ క్షణం నా ఒంటికి తెలుసు. నేల అంటుకుని లేదని తెలియడానికి కళ్లు అక్కర్లేదు, అరికాలే చెబుతుంది.

తర్వాతి చుట్టులో జడ్జీల బల్ల ముందు నుంచి వెళ్తున్నాను. చీఫ్ జడ్జి చేతిలో ఎర్ర కార్డు ఉంది. ఆయన కార్డును చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత వేదిక మీద కూర్చున్న మిల్లు యజమాని వైపు చూశాడు. కార్డును నిదానంగా సగానికి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, సినిమా టిక్కెట్టు పెట్టుకున్నట్టు. ఎర్ర పలక బల్ల కింద అలాగే పడి ఉంది.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను ఆగి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఆగలేదు. పైగా కాళ్లకు కొత్త బలం వచ్చింది. ఇక ఎంత లేపినా ఎవరూ ఆపరని తెలిశాక వచ్చే బలం అది. చివరి రెండు చుట్లు నా జీవితంలో ఎన్నడూ నడవనంత వేగంగా నడిచాను. నడక అనవచ్చో లేదో మీరే చెప్పండి.

గీత దాటాను. దండ పడింది. బ్యానర్ గుడ్డ తీశారు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. అప్పుడు టీచరమ్మ ఆ మలుపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. ముఖం ఎండకు కమిలిపోయింది. చేతిలో జడ్జీలు తమకోసం రాసుకునే పట్టీ ఉంది.

"సార్, నేను పంపిన కార్డు ఏది?" అని తమిళంలో అడిగింది.

"ఏ కార్డమ్మా?" అన్నాడు చీఫ్ జడ్జి.

"ఇతనిది. ఇరవై రెండో చుట్టు. నా పట్టీలో ఉంది, టైముతో సహా. కార్డులు తీసుకెళ్లే సైకిల్ ఆయన చేతికి నేనే ఇచ్చాను."

"నాకు అందలేదు. ఎండలో ఎక్కడో పడిపోయి ఉంటుంది. నీకు మొదటి పోటీ కదా, ఇలాంటివి మామూలే."

సైకిల్ ఆయన కోసం చూస్తే కనబడలేదు. కాఫీకి పంపించారట. చుట్టూ జనం పోగయ్యారు. అప్పుడు చీఫ్ జడ్జికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అందరికీ వినబడేటట్టు, "ఇదిగో, మనవాడు ఇక్కడే ఉన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. కావాలంటే అతన్నే అడుగు" అన్నాడు. ఆయన జేబులోంచి ఎర్ర అంచు ఒక గోరంత బయటికి కనబడుతోంది. నాకు కనబడింది. ఇంకెవరైనా చూశారో లేదో నాకు తెలియదు.

టీచరమ్మ నా ముందుకు వచ్చి నిలబడింది. నా మాట తీరు విని ఉంటుంది, లేదా ఎవరైనా చెప్పి ఉంటారు. గొంతు తగ్గించి, చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాకుండా, మా ఇద్దరి ఇంటి భాషలో, తెలుగులో అడిగింది.

"అన్నా, నిజం చెప్పు. ఆ మలుపుకాడ నీ కాళ్లు రెండూ లేసినాయా లేదా? నాకు ఒక్క మాట చాలు. నేను ఇంకేమీ అడగను, యెవురితోనూ చెప్పను."

ఆమె నాకు ఒక దారి తెరిచి పెట్టింది. అవునని మెల్లగా అంటే చాలు. ఆ జనంలో ఆ మాట అర్థమయ్యేది ఆమెకు, నాకు, కాస్త దూరంలో బకెట్టు నీళ్లు నెత్తిన పోసుకుంటున్న అరుప్పుకోట్టై అతనికి మాత్రమే. పతకం నా దగ్గరే ఉండేది. తాను చూసింది నిజమేనని ఆమె ఇంటికి వెళ్లేది.

నేను తమిళంలో జవాబిచ్చాను. గట్టిగా, వేదిక దాకా వినబడేటట్టు. "లేదు టీచర్. నా పాదం నేలను వదల్లేదు. మీకు ఇంకా చూపు కుదరలేదు. నేర్చుకుంటారు."

జనం చప్పట్లు కొట్టారు. మా గురువు నా వీపు తట్టాడు. ఆమె పట్టీ మడిచి సంచిలో పెట్టుకుని, బస్‌స్టాండ్ వైపు నడిచి వెళ్లిపోయింది.

అక్కడితో ఆగినా కొంత నయం. వారం తిరక్కుండా ఒక మాట పుట్టింది. టీచరమ్మ, అరుప్పుకోట్టై అతను చుట్టాలని, ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే గనుక ముందే మాట్లాడుకుని వచ్చారని. ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ణి నేను కూడా. ఆ లెక్కన నేనూ ఆమెకు చుట్టాన్నే. అది ఎవరికీ తట్టలేదు. జిల్లా సంఘం వాళ్లు నన్ను పిలిచి అవునా అని అడిగారు. "ఉండొచ్చు" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆమెను జడ్జీల జాబితా నుంచి తీసేశారు. సభ్యులంతా ఏకగ్రీవం. కాఫీతో పాటు శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా పెట్టారు, నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

మా మిల్లు యజమాని నేను గీత దాటుతున్న ఫోటో ఒకటి ఎంచుకుని నువ్వుల నూనె డబ్బా మీద అచ్చు వేయించాడు. కింద పెద్ద అక్షరాలతో "గాలిలో తేలిపోయే బలం" అని రాయించాడు. డబ్బా ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది.

"ఏమిది, రెండు కాళ్లూ నేల మీద లేవే?" అంది.

"పోటో అట్లా పడింది."

"మీ ఆటలో ఒక కాలు యెప్పుడూ నేల మీద ఉండాలంటిరే?"

"పోటోలో అట్లానే పడుతుంది లే. కంటికి కనబడేదే లెక్క."

"నాకు కంటికే కనబడతా ఉండాది" అని ఆమె వంటింట్లోకి వెళ్లింది. ఆ తర్వాత మా వంటింట్లో ఆ డబ్బా ఎప్పుడూ బొమ్మ గోడ వైపు తిరిగి ఉండేది. నేను సరిగా తిప్పి పెడితే, మర్నాటికి మళ్లీ గోడవైపే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. గట్టిగా నడిచే ఎవరి ఫోటో అయినా రెప్పపాటుకు రెండు కాళ్లూ గాల్లోనే కనబడవచ్చు. అందుకే ఫోటో సాక్ష్యం కాదు, మనిషి కంటికి కనబడితేనే తప్పు. కానీ ఆ నూనె డబ్బా మీది నేను జానెడు ఎత్తులో ఉన్నాను. మదురై నుంచి తిరునెల్వేలి దాకా ఎన్ని వంటిళ్లలో ఆ డబ్బా ఉందో. నేను తప్పు చేశానని అచ్చు వేసి ఇంటింటికీ పంచారు, అందరూ భలే ఎగిరాడని మెచ్చుకున్నారు.

జాతీయ శిబిరం ఉత్తరాదిన ఒక ఊళ్లో. మొదటి పోటీలోనే, ఎనిమిదో కిలోమీటరు దాటకముందే, ముగ్గురు జడ్జీలు మూడు కార్డులు రాశారు. వాళ్లెవరికీ నేనెవరో తెలియదు, మా యజమాని తెలియదు, నా చేతిలో కాగితం లేదు. ఎర్ర పలక నా ముఖం ముందు పెట్టి, పక్కకు జరగమన్నారు. ఇంటికి వచ్చి, అక్కడి నీళ్లు పడలేదని చెప్పాను. అందరూ నమ్మారు. చుట్టుపక్కల పోటీల్లో ఇంకో నాలుగైదేళ్లు నడిచి మానేశాను. తర్వాత నేను చేసింది చాలా ఏళ్లపాటు ఛాంపియన్‌గా ఉండటం. కొత్త దుకాణాలకు రిబ్బన్ కత్తిరించడం, ఆరోగ్యం కోసం నడిచే పెద్దమనుషులకు జెండా ఊపడం, బళ్లల్లో నిజాయితీ గురించి మాట్లాడటం. ఆ ఉపన్యాసం నాకు నోటికి వచ్చు. ఇప్పుడు తలుచుకుంటే పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

నా మనసు మారి పశ్చాత్తాపం పుట్టిందని రాస్తే బావుంటుంది. అబద్ధం అవుతుంది. జరిగింది వేరు. యజమాని పోయాడు. ఆయన కొడుకు డబ్బా మీద నా బొమ్మ తీసేసి ఒక క్రికెట్ ఆటగాడి బొమ్మ వేయించాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కోపంలోనే పదవీ విరమణ కాగితం రాసిచ్చి, కోవిల్‌పట్టికి వచ్చి ఇల్లు పెట్టాను. నా దగ్గరున్న పాత డబ్బా రేకు కత్తిరించి, ఫ్రేము కట్టించుకుందామని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. నా వెనక, గీతకు పది అడుగుల దూరంలో, మసగ్గా ఇంకో మనిషి ఉన్నాడు. ఇన్నేళ్లలో అతన్ని ఆ ఫోటోలో నేను చూడనే లేదు. అతని ఒక పాదం మడమ నేల మీద ఆని ఉంది. రెండో పాదం వేళ్లు ఇంకా నేలను వదల్లేదు. మోకాలు నిటారుగా ఉంది. వాడు నడుస్తున్నాడు.

మర్నాడు అరుప్పుకోట్టై బస్సెక్కాను.

అతను అన్నదమ్ములతో కలిసి మరమగ్గాలు నడుపుతున్నాడు. ఒకే గదిలో ఆరు మగ్గాలు, పక్కన బాంబు పడినా వినబడని మోత. నన్ను చూసి గుర్తుపట్టాడు, చెయ్యి ఊపి లోపలికి రమ్మన్నాడు. బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ మెల్లగా చెప్పాను.

"ఏమంటివి? వినబడలా!" అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

మళ్లీ చెప్పాను.

"గట్టిగా చెప్పు అన్నా!"

అప్పుడు అరిచాను. "నా కాళ్లు లేసినాయి! ఆ దినం గెలిసింది నువ్వు! నేను దొంగగా గెలిస్తిని!"

సరిగ్గా అప్పుడే అవతలి మగ్గం మీద పోగు తెగి, ఆ మనిషి మగ్గం ఆపాడు. అతని వెనక ఇంకొకరు కూడా ఆపారు. పనివాళ్లు నలుగురూ నా వైపు తిరిగారు. అరుప్పుకోట్టై అతను మిగతా మగ్గాలు కూడా ఆపేసి, చేతులకంటిన దూది నుసి తుడుచుకుంటూ వచ్చాడు.

"తెలుసులే అన్నా" అన్నాడు. "నాలుగు గంటలు నీ వెనకాలనే నడిస్తిని గదా. నీ బూట్ల అడుగులు రెండూ ఒకే తూరి కనబడతా ఉండె నాకు."

"అయితే అప్పుడే యేల చెప్పలేదు?"

"ఓడినోడు చెప్తే యేడుపంటారు. టీచరమ్మ చెప్పె గదా, ఆమె మాటే నిలవకపోయె. నా మాట నిలుస్తాదా?"

"నీ ఉద్యోగం పోయింది నా వల్ల."

అతను నవ్వాడు. ఆ నవ్వులో దయ లేదు. "దానికి యేడ్చింది అప్పుడే అయిపోయె. ఇప్పుడు నువ్వొచ్చి మళ్లీ గుర్తుచేస్తే నాకు యేమి లాబం? పోయింది నాది కాదు అన్నా, ఆ తల్లిది. మేము చుట్టాలమంట! అప్పుడు ఆమె పేరు కూడా నాకు తెల్వదు. నువ్వు పోవాల్సింది ఆడికి. ఈడికి సులువని వస్తివి."

నేను తీసుకెళ్లిన కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి పొట్లం తీసుకుని, పనివాళ్లకు పంచమని పక్కవాడి చేతికిచ్చాడు. తాను ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. నేను గుమ్మం దాటకముందే మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

అతను చెప్పింది నిజమే. సులువని అతని దగ్గరికి వెళ్లాను. టీచరమ్మ దగ్గరికి వెళ్లడానికి ఇంకో రెండు నెలలు పట్టింది, మా ఇంటికీ ఆమె బడికీ మధ్య దూరం అరగంట నడక.

నా వల్ల ఆమె చితికిపోయి ఉంటుందని, నేను వెళ్లి నిలబెట్టాలని ఏదో మూల అనుకుంటూ పోయాను. ఛాంపియన్ బుద్ధి. ఆమె ఇప్పుడు ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలు. మొదట ఐదేళ్లు ఆమెను ఏ పోటీకీ పిలవలేదు. పాత చీఫ్ జడ్జి తప్పుకున్నాక మళ్లీ పరీక్షలు రాసి, పై స్థాయి జడ్జి అయింది. కొత్త జడ్జీలకు పాఠాలు చెప్పేది కూడా ఆమే. నన్ను కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. మడిచిన కార్డు, జేబు, నేను తమిళంలో ఇచ్చిన జవాబు, సంఘం ముందు "ఉండొచ్చు" అన్న మాట, అన్నీ.

ఆమె విని, బీరువాలోంచి ఒక పాత నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. ఆ ఐదేళ్లూ ఆమె చుట్టుపక్కల ప్రతి పోటీకి సొంతంగా వచ్చి, తాడుకు ఇవతల ప్రేక్షకుల్లో నిలబడి, ఎవరూ అడక్కపోయినా తీర్పులు రాసుకుందట. చూపు పోకుండా ఉండటానికి. పేజీలు తిప్పితే నా నంబరు చాలాచోట్ల కనబడింది. పక్కన లేచాడు, లేచాడు, లేచాడు.

"నా చూపు కుదిరిందా అన్నా?" అని అడిగింది.

"మన్నించు తల్లీ" అన్నాను.

"నాకు చెప్పి యేమి లాబం? నేను చూసిందే గదా. నాకు తెలిసిందే మళ్లీ నాకు చెప్తా ఉండావు." పుస్తకం మూసి బీరువాలో పెట్టింది. "ఆదివారం ఈడ కొత్త జడ్జీలకి క్లాసు ఉండాది. ముప్పై మంది వస్తారు. తెలియనోళ్లకి చెప్పు. తమిళంలో చెప్పు, గట్టిగా చెప్పు. అప్పుడు చెప్పినట్టే."

వెళ్లాను. నల్లబల్ల ముందు నిలబడి, ముప్పై మంది ముందు, మీకు ఇప్పుడు చెప్పినదంతా చెప్పాను. శాలువా లేదు, చప్పట్లు లేవు. ఆమె వెనక వరసలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. చెప్పడం అయ్యాక కొంత తేలికపడ్డట్టే అనిపించింది, ఇంత ధైర్యంగా ఒప్పుకున్నందుకు ఎవరైనా మెచ్చుకుంటారేమోనని కూడా అనిపించింది. ఆ అలవాటు అంత తొందరగా పోదు.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఏదో పల్లె బడిలో టీచరట.

"సార్, ఆ రోజు ఆ కార్డు చీఫ్ జడ్జి జేబులోంచి బయటికి తీసి, మిమ్మల్ని ఇంకోసారి అడిగి ఉంటే ఒప్పుకునేవారా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. మెచ్చుకునే జవాబు అదే. వెనక వరసలో టీచరమ్మ కిటికీ నుంచి తల తిప్పి, మొదటిసారి నా వైపు చూసింది.

"లేదు" అన్నాను. "కార్డు చూపించినా లేదనేవాణ్ణి. నా ఫోటో నాకే చూపించినా లేదనేవాణ్ణి."

టీచరమ్మ లేచి ముందుకు వచ్చింది. నన్ను పక్కకు జరగమన్నట్టు చెయ్యి చూపి, నల్లబల్ల దగ్గర నిలబడింది.

"ఇది రాసుకోండి" అంది వాళ్లతో. "నువ్వు తప్పు చేశావా అని నడిచేవాణ్ణి ఎప్పుడూ అడక్కండి. చూసింది మీరు. ఆ రోజు నేను అడిగాను. నా తప్పు అదొక్కటే."

ముప్పై మంది తలలు వంచి రాసుకున్నారు.